ఎడారిని గురించి రెండు అపోహలు

ఎడారిని చూసి మనిషి రెండు రకాలుగా మాట్లాడతాడు. రెవెన్యూ ఉద్యోగి అయితే "ఇది బంజరు" అని రాస్తాడు. కవి అయితే "ఆహా, ఎంత ఓర్పు!" అని రాస్తాడు. మొదటివాడు అక్కడ ఏమీ లేదంటాడు. రెండవవాడు అక్కడొక నీతిపాఠం ఉన్నదంటాడు. పైకి చూస్తే యీ ఇద్దరికీ పొత్తు కుదిరేటట్టు కనిపించదు. కాని యీ రెండు చూపులకూ మూలం ఒకటేననీ, రెంటివల్లా నష్టపోయేవాడు గూడా ఒకడేననీ నా అభిప్రాయం. దాన్ని సమర్థించటానికే యీ వ్యాసం.

ఇది వృక్షశాస్త్రానికో, యాత్రా సాహిత్యానికో సంబంధించిన సమస్య మాత్రమే అనుకోనక్కరలేదు. ఒక నేలకు విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ విలువను నిర్ణయించే హక్కు ఎవరిది? కష్టాన్ని సహించటం సద్గుణమా, లేక సహించవలసి రావటం అన్యాయమా? ఇవి నీతిశాస్త్రపు ప్రశ్నలు. సాహిత్యానికీ వీటితో పని ఉన్నది. ఎందుకంటే మన సాహిత్యం ఎడారి అనే మాటను ఎంతో కాలంగా ఒకే ఒక్క అర్థంలో వాడుకుంటూ వస్తున్నది. ప్రియురాలు వెళ్లిపోతే గుండె ఎడారి. ఆశయం చస్తే బతుకు ఎడారి. ఎడారి అంటే శూన్యం. ఆ పోలిక రాయటానికి ఎడారిని చూసి ఉండవలసిన అవసరం లేదు.

మన రెవెన్యూ భాషలో బంజరు, బీడు, పోరంబోకు అని మాటలున్నాయి. పోరంబోకు అంటే శిస్తు లెక్కకు వెలుపల ఉన్న నేల: చెరువుగట్టు, వాగు, శ్మశానం, బాట, పశువులు మేసే బయలు. అంటే ఊరందరికీ పనికివచ్చే నేల. అందరిదీ కనుక ఎవరి పేరా పట్టా ఉండదు. పట్టా లేదు కనుక శిస్తు రాదు. శిస్తు రాదు కనుక అది లెక్కలోనిది కాదు. కాలక్రమాన ఆ మాట తిట్టుగా మారింది. పనీపాటా లేక తిరిగేవాణ్ణి పోరంబోకు అంటున్నాం. ఉమ్మడి నేలకు పెట్టిన పేరు తిట్టుమాట అయిందంటే, ఆ ఉమ్మడి నేలను సమాజం ఏ దృష్టితో చూస్తున్నదో దానిలోనే తెలుస్తుంది. భాష ఊరికే మారదు.

2025 జనవరిలో మేము ఇంటిల్లిపాదీ జోధ్‌పూరు, జైసల్మేరు వెళ్లాం - మా అమ్మ, నా భార్య, ఇంటరు చదివే మా అమ్మాయి, నేను. అందరూ కోటలు చూడటానికి వెళతారు. మేమూ చూశాం. కాని నాకు ఆలోచన పుట్టించినవి కోటలు కావు, మొక్కలు. మెహరాన్‌గఢ్ కోట కిందుగా రావ్ జోధా ఎడారి శిలా ఉద్యానం అని ఒకటున్నది. సుమారు 70 హెక్టార్ల రాతినేల. 2006లో పని ప్రారంభించి, ఆ ప్రాంతానికి సహజమైన మొక్కలనే అక్కడ మళ్లీ పెంచారు. తోట అంటే నీళ్లూ నీడా పూలపాదులూ ఆశించిపోయేవారికి అది తోటగా తోచదు. రాళ్లు, రాళ్ల మధ్య పొదలు. అయితే ఒక్కొక్క పొద దగ్గరా ఆగి చూస్తే అక్కడ జరుగుతున్న పని ఎంతో కనబడుతుంది.

కేర్ అనే పొదను చూడండి. దానికి చెప్పుకోదగ్గ ఆకులుండవు. లేతకొమ్మల మీద చిన్న ఆకులు వచ్చి త్వరలోనే రాలిపోతాయి. ఆకు చేయవలసిన పని పచ్చని కొమ్మే చేస్తుంది. ఆకు లేకపోవటంవల్ల నీరు ఆవిరై పోవటం తగ్గుతుంది. దాని కాయలను ఎండబెట్టీ, ఊరగాయ పెట్టీ మార్వాడులో ఏడాది పొడుగునా తింటారు. థోర్ అనేది మన జెముడు జాతిది. నీళ్లను కాండంలో దాచుకుంటుంది, కొరికిన పశువుకు పాలు తగిలి నోరు మండుతుంది. జిల్లేడు మనకు తెలిసినదే. ఆకు మీది మైనపు పూత దాని గొడుగు. సేవణ్ అనే గడ్డి పైకి ఎండి పుల్లయినా వేరు చావదు. వాన తగిలితే మళ్లీ చిగురిస్తుంది. ఏకవార్షికాలైన కొన్ని ఎడారి మొక్కల గింజలు ఒక చిన్న జల్లుకు మొలవవు. గింజలోని నిరోధక పదార్థం కొట్టుకుపోయేటంత వాన పడితేనే మొలుస్తాయి. తొందరపడి మొలిస్తే చస్తాయి గనుక.

ఊరి వెలుపల చేలలో కొమ్మలన్నీ నరికేసిన చెట్లు కనిపించాయి. మా అమ్మ నిజామాబాదు జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి. కారు ఆపించి దిగి, చెట్టు మొదలు తాకి చూసి, "ఇది మన జమ్మి గాదురా? ఇట్ల మోడు జేసిండ్రేంది?" అన్నది. అది జమ్మే. అక్కడ ఖేజ్రీ అంటారు. 1983లో రాజస్థాన్ దాన్ని తన రాష్ట్రవృక్షంగా ప్రకటించింది. తెలంగాణ 2014లో ప్రకటించింది. కారు నడిపే అతను చెప్పాడు: చలికాలంలో కొమ్మలు నరికి ఆకు ఎండబెట్టి మేకలకు, ఒంటెలకు దాచుకుంటారట. ఎండాకాలం వచ్చేసరికి చెట్టు మళ్లీ ఆకు వేస్తుంది. దాని లేతకాయలే సాంగ్రీ. కేర్‌తో కలిపి వండుతారు. "అయితే మోడు గాదు, మేత" అన్నది మా అమ్మ. కవిత్వంలో మోడుకు ఉన్న అర్థం ఆమె లెక్కలోకి రాలేదు. చేనుగలవాళ్ల ఇంట పెరిగినది గనుక, కొట్టేసిన కొమ్మ ఎక్కడికి పోయిందన్నదే ఆమెకు మొదటి ప్రశ్న.

ఇక ఓర్పు సంగతి. యీ మొక్కలను గురించి చెప్పేవారంతా వాటి సహనాన్ని పొగుడుతారు. ఎండను సహిస్తాయి, దప్పికను సహిస్తాయి, ఇసుకను సహిస్తాయి; మానవుడా, నేర్చుకో అంటారు. యీ సంప్రదాయం యీనాటిది కాదు. భర్తృహరి నీతిశతకంలో కరీరం వస్తుంది. మార్వాడులో కేర్ అంటున్నది ఆ కరీరాన్నే. దానికి ఆకు లేకపోవటాన్ని కవి విధికి దృష్టాంతంగా తీసుకున్నాడు. తప్పు వసంతానిది కాదు, నుదుటి రాతది అని తాత్పర్యం. కాని కరీరానికి ఆకు లేకపోవటం దాని దౌర్భాగ్యం కాదు, ఉపాయం. ఆకు లేకుండానే అది ఆకు పని చేసుకుంటున్నది. కవి తనకు తెలిసిన మామిడిచెట్టుతో దాన్ని పోల్చి, లోపమున్నదని నిర్ణయించి, ఆ లోపానికి కారణం విధిలో వెతికాడు. పోలికకు ఎత్తుకున్న ప్రమాణం పరాయిది కావటంచేత సిద్ధాంతం గూడా పొరపాటయింది. బీదవాడి బతుకును కలవాడి బతుకుతో కొలిచి, తేడాను కర్మకింద జమకట్టే పద్ధతి గూడా సరిగ్గా ఇటువంటిదే.

జమ్మి ఎడారిని సహించటం లేదు. దాని వేర్లు ముప్ఫై మీటర్లకు పైగా దిగిన సందర్భాలున్నాయి. పైన ఇసుక మాడిపోతున్నా అడుగున ఉన్న తడి దానికి అందుతుంది. పప్పుజాతి చెట్టు గనుక వేర్ల ద్వారా నేలకు నత్రజని చేరుస్తుంది. అందుకనే చేను మధ్య దాన్ని ఉంచుతారు, దాని కింద సజ్జ బాగా పండుతుంది. ఎండాకాలంలో తక్కిన చెట్లు ఎండిపోయి ఉంటే అది కొత్త ఆకు వేస్తుంది. వరిమొక్కను తీసుకువెళ్లి జైసల్మేరులో నాటితే దానికి సహించవలసిన అవసరం కలుగుతుంది. జమ్మికి అది స్వంత ఇల్లు. దానిలో పొగడవలసినదేమన్నా ఉంటే అది పనితనం. ఓర్పు అనేది మనం అంటగట్టిన గుణం.

మొక్క విషయంలో యీ పొరపాటువల్ల పెద్ద ప్రమాదం లేదు. పొగడ్త మొక్కకు వినబడదు. మనిషి విషయానికి వచ్చేసరికి వ్యవహారం మారుతుంది. "ఎడారి మనుషులు ఎంత ఓర్పుగలవారు!" అంటాం. జైసల్మేరులో ఏడాదికి సగటున రెండువందల మిల్లీమీటర్ల లోపే వాన. ఆ వానతో బతకటానికి అక్కడివారు ఓర్పును నమ్ముకోలేదు. పాలీవాల్ బ్రాహ్మణులు పదిహేనవ శతాబ్దినుంచీ ఖడీన్‌లు కట్టారు: రాతివాలు మీద పడిన వాననీటిని పల్లంలో అడ్డకట్టతో ఆపి, నీరు ఇంకిన తరువాత ఆ తడితో చలికాలంలో గోధుమ, సెనగ పండించారు. ఇళ్ల దగ్గర వాననీటి తొట్లు కట్టుకున్నారు. ఇసుక అడుగున జిప్సం పొర నిలిపిన తడిని ఊటగా తోడుకోవటానికి, మనిషి మాత్రమే దిగగల సన్నని బావులు తవ్వారు. ఇదంతా విద్య. దీన్ని ఓర్పు అనటం, ఇంజనీరును పట్టుకుని మంచివాడు అన్నట్టుంటుంది. అబద్ధం కాకపోవచ్చు గాని, అతని చదువు లెక్కలోకి రాలేదు.

విద్య చాలని సమయాలు గూడా వచ్చాయి. 1899-1900 నాటి కరువును అక్కడ ఛప్పనియా అకాల్ అంటారు. విక్రమశకం 1956లో వచ్చింది గనుక ఆ పేరు. రాజపుతానాలో లక్షలాది మంది చచ్చిపోయారు. అంతకు ముందు 1868-69 కరువులో ఖేజ్రీ బెరడును పిండిచేసుకుని తిని బతికినవారున్నారు. చచ్చిపోయినవారికి ఓర్పు తక్కువై చావలేదు. వారికి తిండి లేదు. ఓర్పును గుణంగా పొగిడే సాహిత్యం చావును గురించి మాట్లాడవలసి వచ్చేసరికి మూగదవుతుంది; ఎందుకంటే అప్పుడు తిండి ఎందుకు లేదన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న చెట్టును అడిగేది కాదు.

ఇదే జమ్మిచెట్టు అరబ్బు ఎమిరేట్లలో జాతీయవృక్షం. అక్కడ ఘాఫ్ అంటారు. 2019ని ఆ దేశం సహన సంవత్సరంగా ప్రకటించి ఘాఫ్‌ను దానికి చిహ్నం చేసింది. ఉద్దేశించినది భిన్నజాతుల, భిన్నమతాల మధ్య సహనం, అది మంచిదే. అయితే కరీంనగరం, నిజామాబాదు, కడప, కోనసీమలనుంచి అక్కడికి పనికి వెళ్లిన తెలుగువాళ్లు ఆ చెట్టు ఉన్న ఎండలోనే ఉన్నారు. జూన్ 15నుంచి సెప్టెంబరు 15దాకా మధ్యాహ్నం రెండున్నర గంటలసేపు ఆరుబయట పని చేయించరాదని అక్కడ చట్టం ఉన్నది. అటువంటి చట్టం కావలసి వచ్చిందంటేనే, ఓర్పుకు ఒక హద్దున్నదనీ, ఆ హద్దును కార్మికుడి స్వభావానికి వదిలెయ్యకూడదనీ ఒప్పుకున్నట్టయింది. అప్పు చేసి విమానమెక్కినవాడు ఎండను ఓర్చుకుంటున్నాడంటే అతనికి జమ్మి స్వభావం ఉన్నదని అర్థం కాదు. అతనికి అంత లోతుకు దిగిన వేరు లేదు. మెడమీద అప్పు ఉన్నది.

జమ్మిని గురించి మన జనం చెప్పుకునే కథ గూడా ఓర్పు కథ కాదు. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచిన చెట్టు అది. ఏడాదిపాటు ఒకరి కొలువులో తలవంచుకుని పని చేశారు. కాని ఆ ఏడాదికి గడువున్నది. ఆయుధాలు చెట్టుమీద ఉన్నవి. దసరానాడు జమ్మి ఆకును బంగారమని చేతికిచ్చి అలయ్‌బలయ్ చేసుకునే రైతుకు గడువూ ఆయుధమూ లేని ఓర్పును పూజించాలనే ఉద్దేశం ఉన్నట్టు తోచదు.

ఇక రెండవ అపోహ. జైసల్మేరు దాటి పోతున్నప్పుడు మా అమ్మాయి కిటికీలోంచి చూసి, "నాన్నా, ఎంత ఖాళీ స్థలమో! ఇక్కడ అసలేమీ లేదు" అన్నది. కొంతదూరం పోయాక గొర్రెలు కాసే ఒక వృద్ధుడు కనిపించాడు. టీ కొట్టు దగ్గర మాట కలిసింది. మా అమ్మాయి తనకు వచ్చిన హిందీలో అదేమాట అతనితో అన్నది. అతనేమీ నొచ్చుకోలేదు. లేచి నిలబడి చేత్తో చూపించాడు: అదుగో సేవణ్ గడ్డి, అటువైపు రేగుపొదలు, ఆ పల్లంలో వానాకాలం నీళ్లు నిలుస్తాయి, ఆ దిబ్బ పక్క గొర్రెలు ఈనేటప్పుడు గాలి తగలదు, ఆ రాళ్లవరసనుంచి ఓరణ్ మొదలు. ఓరణ్ అంటే దేవుడి పేర విడిచిన వనం. అక్కడ పశువులు మేయవచ్చు, రాలిన పుల్ల ఏరుకోవచ్చు, పచ్చికొమ్మ నరకకూడదు. "రాత్రి రండి, నక్కలు గూడా ఉన్నాయి" అని నవ్వాడు. ఆ తరువాత దారి పొడుగునా మా అమ్మాయి ఒక్కొక్క పొదనూ పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నది. ఆ నేలలో కొత్తగా చేరినదేదీ లేదు. ఆమెకు పేర్లు తెలిశాయి, అంతే.

ఒక పిల్ల "ఏమీ లేదు" అంటే గొర్రెలకాపరి సర్దిచెప్పవచ్చు. ప్రభుత్వపు పటం అంటే సర్దిచెప్పేదెవరు? కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రంతో కలిసి బంజరు భూముల పటాలను ప్రచురిస్తున్నది. 2019లో వచ్చిన పటం ప్రకారం 2015-16లో దేశ భూభాగంలో 16.96 శాతం, అంటే 5 కోట్ల 57 లక్షల హెక్టార్లు బంజరు. దాంట్లో ఎడారి ఇసుక ఉన్నది, పొదలున్న నేల ఉన్నది, క్షీణించిన పచ్చికబయళ్లున్నాయి. పచ్చికబయలు క్షీణించిందంటే దాన్ని బాగు చేయవచ్చు. కాని బంజరు అని పేరు పడిన తరువాత జరిగేది సాధారణంగా బాగు చేయటం కాదు, ఇంకొకరికి ఇవ్వటం.

యీ పేరు వెనక ఒక తత్త్వశాస్త్రం ఉన్నది. ఇంగ్లండులో జాన్ లాక్ 1689లో అచ్చయిన తన ప్రభుత్వ సిద్ధాంత గ్రంథంలో, మనిషి శ్రమ కలవని నేల వృథా అనీ, శ్రమ కలిపినవాడికే దానిమీద హక్కు వస్తుందనీ వాదించాడు. భూస్వామ్య రాజుల దైవదత్తాధికారాన్ని కొట్టటానికి అది అప్పట్లో మంచి ఆయుధమే. కాని చిత్రమేమంటే, వృథా నేలను నిర్వచించేటప్పుడు లాక్ దున్నకం, నాటటంతోపాటు పశువుల మేపును గూడా శ్రమలో చేర్చాడు. ఆయన నిర్వచనం ప్రకారమే చూసినా గొర్రెలు మేసే ఓరణ్ వృథా కాదు. అయినా ఆయన సిద్ధాంతాన్ని వలస ప్రభుత్వాలు వాడుకున్నప్పుడు మేపు ఎగిరిపోయింది. కంచె, నాగలి, పన్ను మిగిలాయి. మార్క్స్ మరొక వైపునుంచి వచ్చి 1875లో జర్మను కార్మికపార్టీ కార్యక్రమాన్ని విమర్శిస్తూ, సమస్త సంపదకూ శ్రమ ఒక్కటే మూలం కాదనీ, ప్రకృతి గూడా అంతే మూలమనీ హెచ్చరించాడు. అంతకు ఎంతో ముందు 1842లో, రైన్ ప్రాంతపు అడవుల్లో రాలిన పుల్లలు ఏరుకోవటాన్ని దొంగతనం చేసే చట్టంమీద ఆయన పత్రికలో వ్యాసాలు రాశాడు. రాలిన పుల్ల ఎవరిదన్న ప్రశ్న ఆయన్ను ఆర్థికశాస్త్రంవైపు నడిపించిన ప్రశ్నల్లో ఒకటి. ఓరణ్ నియమం దానికి జవాబు చెప్పే ఉంచింది: పచ్చికొమ్మ ఎవరిదీ కాదు, రాలిన పుల్ల అందరిదీ.

బంజరును బాగు చేయబోయినవారి కథ ఒకటి మన గడ్డమీదే మొదలైంది. మెక్సికో, వెస్టిండీస్ ప్రాంతాల చెట్టు ఒకదాని విత్తనాలను మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖ తెప్పించి 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం దగ్గర వేయించింది. వంటచెరకు వస్తుంది, నేల పచ్చబడుతుంది అని ఉద్దేశం. అదే మన సర్కారుతుమ్మ. పేరులోనే దాన్ని తెచ్చినవారెవరో జనం రాసిపెట్టుకున్నారు. జోధ్‌పూరు సంస్థానంలో 1930లలో మహారాజు విమానంనుంచి దాని విత్తనాలు చల్లించాడని చెబుతారు. పశువులు కాయలు తింటాయి. గింజలు పేడలో పడి మొలుస్తాయి. దాని కింద మరో మొక్క ఎదగటం కష్టం. జమ్మికి అది దగ్గర చుట్టమే, కాని పచ్చికబయళ్లను ఆక్రమించింది. రావ్ జోధా ఉద్యానంలో మొట్టమొదట చేయవలసి వచ్చిన పని దాన్ని పీకటం. రాతి పగుళ్లలో దిగిన వేర్లు పైపైన నరికితే చావవు. చివరకు రాయి కొట్టే ఖండ్‌వాలియా పనివారు వచ్చి, సుత్తెతో తట్టి రాయి స్వభావం తెలుసుకుని, ఉలితో ఒక్కొక్క వేరునూ తవ్వి తీశారు. ఏలినవారు విమానంనుంచి చల్లినది కూలివాడు ఉలితో తీయవలసి వచ్చింది. ఇంకొక సంగతి గూడా చెప్పాలి. రాయలసీమలోనూ, పల్నాడులోనూ కరువు రోజుల్లో ఎన్నో కుటుంబాలకు ఆ తుమ్మ బొగ్గే కూడుపెట్టింది, ఇప్పటికీ పెడుతున్నది. చెట్టు పాపి కాదు. అక్కడ ఏమున్నదో చూడకుండా "ఏమీ లేదు" అన్న నిర్ణయానిదే దోషం.

నేటి సమస్య ఇంతకంటె కష్టమైనది. భాడ్లా దగ్గర 2245 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రం 2020నాటికి పూర్తయింది. విస్తీర్ణం సుమారు 14,000 ఎకరాలు. మన అనంతపురం సీమలో నంబులపూలకుంట, కర్నూలు సీమలో ఓర్వకల్లు ప్రాంతం గూడా అదే దారిన ఉన్నాయి. బొగ్గు మండించటం తగ్గించకపోతే వేడెక్కే భూమిలో ముందు మాడిపోయేది ఎడారి కాపరీ, మెట్టరైతే. కనుక సౌరవిద్యుత్తు అక్కర్లేదనేవాడు బీదవాడి మిత్రుడు కాడు. మరొకవైపు ఆ పలకల కోసం, తీగల కోసం జమ్మిచెట్లు కొట్టేస్తున్నారని బికానేరు ప్రాంతంలో 2024, 2025లలో జనం ఆందోళన చేశారు. బట్టమేక పిట్టలు దేశంలో రెండువందలలోపే మిగిలాయి. ఎక్కువ భాగం జైసల్మేరులోనే ఉన్నాయి. మన రోళ్లపాడులో దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టినా ఇప్పుడక్కడ అది కనిపించటమే అరుదు. ఆ పిట్ట తీగలకు తగిలి చస్తున్నదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో తీగలను భూమిలో వేయమన్నది. 2024 మార్చిలో ఆ ఆజ్ఞను సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది, అదే తీర్పులో వాతావరణ మార్పు దుష్ఫలితాలకు గురికాకుండా ఉండటం పౌరుడి హక్కు అన్నది. 2024 డిసెంబరులో రాజస్థాన్ దేవవనాలను గుర్తించి అడవులుగా నమోదు చేయమన్నది. రెండు మంచిల మధ్య వైరుధ్యం ఇది. మంచీ చెడ్డల మధ్య అయితే మనకింత ఆలోచన అవసరం లేదు.

దీనికి పరిష్కారం పాతకాలాన్ని దేవుణ్ణి చేయటంలో దొరకదు. 1730లో ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవితోసహా 363 మంది బిష్ణోయీలు, రాజు కొత్తకోట సున్నపుబట్టీల కోసం కొట్టబోయిన చెట్లను కావలించుకుని తలలిచ్చారు. దాన్ని తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అంతమాత్రంచేత గొర్రెలకాపరి ఎప్పటికీ గొర్రెలకాపరిగానే ఉండాలనీ, అతని మనమరాలికి బడీ దీపమూ అక్కర్లేదనీ అంటే అది మళ్లీ ఓర్పును పొగిడే కవి మాటే అవుతుంది. 1958లో ప్రారంభించిన రాజస్థాన్ కాలువ, తరువాత ఇందిరాగాంధీ కాలువ అయినది, ఇసుకలో గోధుమ పండించింది. కొన్నిచోట్ల నీరునిల్చి ఉప్పుబారేటట్టూ చేసింది. ఎడారి మారుతుంది, మారాలి గూడా. ప్రశ్న మార్పును గురించి కాదు, దాని ఖర్చును గురించి.

ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో చూడండి. 1974లోనూ 1998లోనూ అణుపరీక్షలు పోఖ్రాన్ దగ్గర జరిగాయి. ఖాళీ అనుకున్న ఆ నేలకు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఖేతోలాయీ అనే ఊరున్నది. దేశమంతటికీ కావలసిన విద్యుత్తుకు దేశమంతా మూల్యం చెల్లించాలి. నగరాల మిద్దెలమీదా, కర్మాగారాల కప్పులమీదా, కాలువలమీదా చోటు ఉండగా ముందు ఓరణ్ గుర్తుకు రావటానికి కారణం అక్కడ ఎండ ఎక్కువ ఉండటమొక్కటే కాదు; అక్కడ పట్టా ఉన్నవాడు లేకపోవటం. బేరమాడవలసిన మనిషి కాగితంమీద లేడు. నేల ఖాళీగా ఉండి తీసుకోవటం అరుదు. తీసుకోవాలి గనుక ఖాళీ అని రాయటమే తరచు. ఆ నేలమీద బతికేవారిని అడిగి, కాదనే అవకాశం వారికి ఇచ్చి, అవునంటే రాబడిలో పాలు ఇచ్చి వేసిన సౌరపలక న్యాయమైనది. అడగకుండా వేసినది ఎంత స్వచ్ఛమైన విద్యుత్తునిచ్చినా అన్యాయమైనదే. దానివల్ల పని నెమ్మదిస్తుందని అంటారు. నెమ్మదిస్తుంది. పట్టా ఉన్న ఆసామి దగ్గర భూమి తీసుకునేటప్పుడు గూడా నెమ్మదిస్తుంది. అప్పుడెవరూ దాన్ని తప్పు అనరు.

మొదట చెప్పిన మాటకు వస్తాను. బంజరు అన్న ఉద్యోగి చూపులో మనిషి లేడు. ఓర్పు అన్న కవి చూపులో మనిషి ఉన్నాడు గాని, అతనికి పని లేదు, విద్య లేదు, హక్కు లేదు. సహించటం ఒక్కటే ఉన్నది. ఒకడు అతన్ని పటంలోంచి తీసేస్తే, రెండవవాడు అతను దానికి బాధపడడని హామీ ఇస్తున్నాడు. ఉద్యోగికి తెలియకుండానే కవి అతనికి సాయం చేస్తున్నాడు. అందుకనే యీ రెండు అపోహలనూ విడివిడిగా కొట్టలేం.

ఉద్యోగి రాతను మార్చటానికి చట్టం, ఉద్యమం కావాలి. రచయిత తన రాతను తాను మార్చుకోవచ్చు. ఎడారి అనే మాట రాయబోయే ముందు అక్కడి గడ్డి పేరు, దాన్ని మేపే మనిషి రోజుకూలి లెక్క, ఆ నేల రికార్డులో ఏ పేరుతో ఉన్నదో తెలుసుకుని రాస్తే, శూన్యం అన్న పోలిక తనంతట తానే కలంలోనుంచి జారిపోతుంది. ఆ పోలిక పోయినంత మాత్రాన కవిత్వానికి వచ్చే కొరత ఏమీ లేదు.